నాలా వెడల్పు చేయమని అర్జీ పెట్టే ముందు చెరువు ఎందుకు నిండి ఉందో చూడండి

మీరు అడిగినదాన్ని నేను అర్థం చేసుకున్నంత వరకు ముందు చెబుతాను. హైదరాబాద్ శివారులో నలభై ఎకరాల లేఅవుటు, సుమారు ఐదు వందల ఇళ్లు. పై కాలనీల నుంచి వచ్చే నాలా, అంటే వాననీటి కాలువ, మీ పక్కగా పారి, లేఅవుటు చివర ఉన్న ముప్పై ఎకరాల చెరువులో పడుతుంది. గట్టి వాన గంట పడితే చెరువు వైపున్న నాలుగు వీధుల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. చెరువు నిండా మురుగు, గుర్రపుడెక్క, దోమలు. నాలాను రెట్టింపు వెడల్పు చేసి పైన స్లాబు వేయించాలని మీ సంక్షేమ సంఘం తీర్మానించింది. అర్జీలో ఇంకా ఏమేమి చేర్చాలని అడిగారు.

ఆ అర్జీ ఇప్పుడే ఇవ్వవద్దని నా సలహా. నా ఉద్యోగ జీవితం చాలావరకు మున్సిపల్ ఇంజనీరింగ్‌లో, వాననీటి కాలువల పనులతోనే గడిచింది. నీళ్లు నిలిచిన ప్రతి కాలనీ మొదట కోరేది వెడల్పే. ఆ కోరిక తప్పని అనను. అయితే వరసలో అది చివర రావలసిన పని. ముందు చేయవలసినవి చేయకుండా దాన్ని చేస్తే కోట్లు ఖర్చవుతాయి, మీ వీధుల్లో నీళ్లు మాత్రం అలాగే ఉంటాయి.

కాలువ లెక్క ఎప్పుడూ కింది నుంచి పైకి వేయాలి. నీరు చివరికి ఎక్కడ పడుతోంది, అక్కడి నీటిమట్టం ఎంత అన్నది తేలకుండా పైన ఎంత పెద్ద కాలువ కట్టినా దండగే. మీ నాలా చెరువులో కలిసే చోటికి ఒకసారి వెళ్లండి. అక్కడ నాలా అడుగు చెరువు నీటిలో మునిగి ఉంటే, నాలాలో నీరు పారడానికి వాలు మిగలదు. అప్పుడు రెండు మీటర్ల నాలా అయినా, నాలుగు మీటర్లది అయినా తేడా కొంచెమే. నాలుగు మీటర్ల దానిలో కాస్త ఎక్కువ నీరు నిలిచి ఉంటుంది, అంతే.

దీన్ని తేల్చుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. వచ్చే వానకు గొడుగు పట్టుకుని నాలా ఒడ్డున, సురక్షితమైన చోట నిలబడి, నీటి మీద తేలే ఆకులను, థర్మోకోల్ ముక్కలను గమనించండి. అవి పరుగులు తీస్తూ ఉండగానే నాలా పొంగుతుంటే, నాలా నిజంగానే ఇరుకు. అవి ఉన్నచోటే మెల్లగా తిరుగుతూ నీటిమట్టం మాత్రం పెరుగుతుంటే, అడ్డు కింద ఉంది. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, పై వీధులు తడి మాత్రమే అవుతున్నాయి, చెరువు వైపు వీధులు మునుగుతున్నాయి, వాన వెలిశాక కూడా నీరు గంటల తరబడి తీయడం లేదు. ఇవి మూడూ రెండో రకానికి గుర్తులే.

ఇంకో పరీక్ష కూడా చేయండి. మేస్త్రీలు పునాది మట్టం చూసుకోవడానికి నీళ్లు నింపిన పారదర్శక గొట్టం వాడతారు కదా, దానితో చెరువు అలుగు (చెరువు నిండాక నీరు పొర్లి బయటికి పోయే చోటు) పైభాగానికీ, మీ అన్నిటికన్నా పల్లపు వీధికీ మధ్య ఎత్తు తేడా కొలిపించండి. దూరం ఎక్కువ కాబట్టి గొట్టాన్ని అంచెలంచెలుగా జరుపుకుంటూ రావాలి. సర్వేయరు దొరికితే ఆటో లెవెల్‌తో ఒక పూట పని. వీధి అలుగు కన్నా పల్లంలో ఉందని తేలితే, ఆ వీధి చెరువు గర్భంలో ఉన్నట్టే. అంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) గీత లోపలే ప్లాట్లు వేసి అమ్మారన్నమాట. అప్పు చేసి ఇల్లు కట్టుకున్నవారికి ఇది మింగుడుపడని సంగతి, నాకు తెలుసు. అయినా అర్జీ పెట్టిన తరువాత అధికారి నోట వినడం కన్నా ముందే మీకు మీరుగా తెలుసుకోవడం మంచిది. వీధి మట్టం అలుగు కన్నా పైనే ఉంటే, మిగతాదంతా చక్కదిద్దుకోగలిగిన పనే.

ఇక అసలు విషయం, చెరువు. దక్కన్‌లో గొలుసుకట్టు చెరువులు తవ్వించినవారు వాటిని ఏడాది పొడవునా నిండుగా ఉంచాలని అనుకోలేదు. వానకాలంలో నిండేవి, తూము తీసి పొలాలకు వదిలేవారు, యాసంగి పంట అయ్యేసరికి నీరు అడుగంటేది. ఎండాకాలంలో పూడిక మట్టి తీసి బండ్ల మీద పొలాలకు తోలుకునేవారు. మృగశిర కార్తె వచ్చేసరికి చెరువులో బోలెడంత ఖాళీ సిద్ధంగా ఉండేది. వరదను పట్టింది ఆ ఖాళీయే.

ఇప్పుడు ఆయకట్టు పోయింది, ప్లాట్లు వచ్చాయి. తూముతో పనిలేక దాన్ని మట్టితోనో కాంక్రీటుతోనో మూసేశారు. మరోవైపు ఇళ్ల మురుగు రోజూ, పండగలు పబ్బాలు లేకుండా, చెరువులోకి వస్తూనే ఉంది. ఫలితంగా మే నెలాఖరుకు కూడా చెరువు అలుగు దాకా నిండే ఉంటుంది. నిండు కుండలో చెంబెడు నీళ్లు పోస్తే ఏమవుతుందో జూన్‌లో మొదటి పెద్ద వానకు మీ చెరువులో అదే అవుతుంది. హుస్సేన్‌సాగర్ సంగతి పత్రికల్లో ఏటా చదువుతూనే ఉన్నాం. పూర్తి మట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు. వానలు మొదలవగానే అది దానికి అటూఇటూగా ఉందని, కింది ప్రాంతాలవారు అప్రమత్తంగా ఉండాలని వార్త వస్తుంది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు తెచ్చే నీరు ఎండాకాలంలోనూ ఆగకపోతే సాగర్‌లో చోటు ఎక్కడి నుంచి వస్తుంది?

మీ చెరువుకే ఒక లెక్క వేద్దాం. ముప్పై ఎకరాల చెరువు జూన్ ఒకటో తేదీకి అలుగు కన్నా ఒక్క మీటరు కిందికి ఉంటే, అందులో దాదాపు 12 కోట్ల లీటర్లు పట్టే చోటు ఉన్నట్టు. మీ నలభై ఎకరాల మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే పదింట తొమ్మిది వంతుల లెక్కన పారే నీరు 73 లక్షల లీటర్లు. అంటే మీలాంటి పదహారు కాలనీల మీద కురిసే గంట వానను ఆ ఒక్క మీటరు ఖాళీ మింగేస్తుంది. ఏ బాక్సు డ్రెయినూ ఈ పని చేయలేదు. డ్రెయిను నీటిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చగలదు, అంతే. దాచుకోవడం దాని వల్ల కాదు.

కాబట్టి అర్జీలో మొదటి కోరిక నాలా గురించి ఉండకూడదు. చెరువులోకి మురుగు రాకుండా కట్టవైపు నుంచి చుట్టూ మురుగు పైపు వేసి శుద్ధి కేంద్రానికి మళ్లించడం, తూమును బాగుచేసి షట్టరు పెట్టడం, ఏటా ఏప్రిల్, మే నెలల్లో మట్టాన్ని తగ్గించడం, వీటిని ఆ వరసలో అడగండి. కొన్నిచోట్ల మురుగు ఆపకుండానే శుద్ధిచేసిన నీటిని చెరువులో వదిలి ‘పునరుద్ధరణ’ అంటున్నారు. శుద్ధిచేసినదైనా నీరు నీరే, చోటు ఆక్రమిస్తుంది. తూము పనిచేస్తేనే దానికి ఒప్పుకోండి. చెరువు ఎదురుగా బాల్కనీలు పెట్టి అమ్మిన అపార్ట్‌మెంట్లవారు మాత్రం ఎండాకాలంలో నీరు తగ్గించడానికి ఒప్పుకోరు. వారితో ముందే కూర్చుని మాట్లాడండి, లేకపోతే మొదటి అభ్యంతరం అక్కడి నుంచే వస్తుంది.

సుందరీకరణ పేరుతో వచ్చే ప్రతిపాదనలను ఒకటికి రెండుసార్లు చదవండి. చెరువు చుట్టూ నడకదారి కోసం మట్టికట్ట వేస్తారు, రాతి కట్టడం చేస్తారు. దానితో మూడు వైపుల నుంచి సహజంగా చెరువులోకి దిగే వాననీరు కట్టకు బయటే ఆగిపోతుంది. కట్ట కింద రెండు అడుగుల పైపు ఒకటి పెట్టి ఊరుకుంటారు. మీ నాలుగు వీధులకూ చెరువుకూ మధ్య అలాంటి కట్ట ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే దానిలో ఎన్ని పైపులున్నాయో, వాటి అడుగు మట్టం ఎంతో చూడండి. నడకదారి కావాలనుకుంటే చెరువు నీటి అంచున కాకుండా ఎఫ్‌టీఎల్ బయట, బఫర్‌లో, అంటే ఇళ్లు కట్టకుండా వదిలే పట్టీలో వేసుకోవచ్చు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్ల బఫర్ ఉండాలి. మీది పన్నెండు హెక్టార్లు కాబట్టి ఆ కోవలోకే వస్తుంది. పది మీటర్ల లోపు వెడల్పు ఉన్న నాలాకు ఇరువైపులా రెండు మీటర్లు, అంతకు మించితే తొమ్మిది మీటర్లు వదలాలి.

ఇప్పుడు మురుగు సంగతి. వాననీటి కాలువలో మురుగు పారుతోందా లేదా అన్నది తెలుసుకోవడానికి అన్నిటికన్నా మంచి నెల ఏప్రిల్. వాన చుక్క లేని రోజుల్లో ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య నాలా వెంట నడవండి. అందరూ స్నానాలు చేసే వేళ అది. ఆ సమయంలో వాననీటి పైపుల నోళ్ల నుంచి నీరు కారుతుంటే అది వాననీరు కాదు. తెల్లగా, సబ్బు నురగతో ఉంటే స్నానాల గదులు, బట్టలుతికే యంత్రాల నీరు. నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటే సెప్టిక్ ట్యాంకు పొంగో, పగిలిన మురుగు పైపో. నూనె తెట్టు ఉంటే హోటలో మెకానిక్ షెడ్డో. ప్రతి పైపు నోటి దగ్గర ఫోనుతో ఫొటో తీసి, తేదీ, సమయం రాసి పెట్టుకోండి. జలమండలి (నగర మంచినీటి, మురుగునీటి బోర్డు) ఇంజనీరు ముందు పెట్టడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు. వానకాలంలో చెబితే అంతా వాననీరే అనేస్తారు.

దీనికి రెండోవైపు కూడా ఉంది, దాన్ని ఎవరూ ఒప్పుకోరు. మీ ఐదు వందల ఇళ్లలో డాబా మీది వాననీటి గొట్టాన్ని నేరుగా మురుగు ఛాంబరులో కలిపినవారు తప్పకుండా ఉంటారు. మేస్త్రీకి అది సులువు, ఇంటివారికి కనిపించదు. మురుగు పైపు మనుషుల వాడకాన్ని లెక్కగట్టి వేసింది, డాబాల నీటిని కాదు. వాన పడగానే మ్యాన్‌హోల్ మూత లేచి, పల్లపు ఇంటివారి మరుగుదొడ్డిలోంచి నీరు వెనక్కి తన్నడానికి కారణం ఇదే. ఇంటింటికీ తిరిగి ఆ కలుపులు విడదీయించడం సంఘం చేయగలిగిన పని. ప్రభుత్వం కోసం చూడనక్కర్లేదు. ఆ మూత తెరిచి వీధి నీటిని అందులోకి పంపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మోకాలి లోతు నీటిలో తెరిచిన మ్యాన్‌హోల్ కనిపించదు, మనిషి పోతాడు. పైగా వీధిలోని మట్టి అంతా మురుగు పైపులోకి దిగి, అది వారాల పాటు పూడుకుపోతుంది. పూడిక తీయడానికి రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని లోపలికి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. మురుగు పైపులను శుభ్రం చేసే ఎయిర్‌టెక్ యంత్రం పంపమని అడగండి.

మురుగు మళ్లించినా చెరువుకు ఇంకో బెడద మిగులుతుంది. తొలకరి వాన. ఎనిమిది నెలల పాటు రోడ్ల మీద పేరుకున్న టైర్ల పొడి, ఇంజను నూనె, కుక్కల మలం, చెత్త కాల్చిన బూడిద, అన్నీ మొదటి అరగంటలో కొట్టుకుపోయి చెరువులో పడతాయి. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడేసుకుంటాయి. తొలి వానల తరువాత చెరువుల్లో చేపలు తెల్లగా తేలడానికి విషప్రయోగమే కారణం కానక్కర్లేదు, చాలాసార్లు ఇదే కారణం. పరిశ్రమల పక్కన వాన చాటున వదిలే వ్యర్థాల కథ వేరు. కూకట్‌పల్లి దగ్గర ధరణినగర్‌లో వాన పడ్డప్పుడల్లా నాలా మీద నురగ మంచులా లేచి ఇళ్ల గుమ్మాల దాకా రావడం మీరు టీవీలో చూసే ఉంటారు. మీది నివాస ప్రాంతం కాబట్టి మే చివరి వారంలో రోడ్లు ఊడిపించి, ఆ దుమ్మును కాలువలోకి నెట్టకుండా బండికి ఎత్తించగలిగితే చాలావరకు నయం. నాలా చెరువులో కలిసే ముందు ఒక మట్టి గుంట, దానికి చెత్త ఆపే ఇనుప జాలీ ఉండాలి. గుంటలోకి జేసీబీ దిగడానికి ర్యాంపు పెట్టమని తప్పక రాయండి. దారి లేని గుంటను ఎవరూ శుభ్రం చేయరు.

ఇక మీ కాలనీ లోపలి లెక్క. నలభై ఎకరాలు అంటే సుమారు 1,62,000 చదరపు మీటర్లు. అది చేలుగా ఉన్నప్పుడు కురిసినదానిలో మూడో వంతు కూడా బయటికి పారేది కాదు, పారినా మెల్లగా పారేది. ఇప్పుడు డాబాలు, సిమెంటు రోడ్లు, ఇంటి ముందు గచ్చు కలిసి పదింట తొమ్మిది వంతులు వెంటనే పారుతుంది. గంటకు 50 మిల్లీమీటర్ల వానకు ఇది సెకనుకు 2,000 లీటర్లు. మీ వీధుల కింద ఉన్న రెండు అడుగుల పైపు, రెండు వందలకు ఒకటి వాలుతో, శుభ్రంగా ఉంటే సెకనుకు సుమారు 430 లీటర్లు తీసుకెళ్తుంది. సగం మట్టి ఉంటే అందులో సగం కూడా తీసుకెళ్లదు. తేడా ఎంతో మీరే చూడండి. మన నగరాల్లో పాత కాలువలను గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకే కట్టారని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. బేగంపేటలో 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరు 13-14లో 19 సెంటీమీటర్లు కురిశాయి. అలాంటి వానకు సరిపోయే పైపు ఏ వీధిలోనూ పట్టదు. ప్రతి వానకూ నీళ్లు నిలవకుండా చూసుకోవడం, పెద్ద వానకు ఇళ్లలోకి రాకుండా చూసుకోవడం, ఇవి రెండూ వేర్వేరు లక్ష్యాలు. మొదటిది పైపులు చేస్తాయి, రెండోదానికి చోటు కావాలి.

చోటు అనగానే ఇంకుడు గుంతలు అంటారు. తవ్వించండి, మంచిదే. ఇంటి డాబా వంద చదరపు మీటర్లనుకుంటే 25 మిల్లీమీటర్ల వానకు 2,500 లీటర్లు వస్తాయి. ఐదు వందల ఇళ్లూ ఆ నీటిని పట్టుకుంటే పన్నెండున్నర లక్షల లీటర్లు. పైన చెప్పిన 73 లక్షలలో ఆరో వంతు. అది చిన్న సంగతి కాదు, కానీ గుంతలతోనే వరద ఆగిపోతుందనేవారి మాట నమ్మకండి. పైగా మనది గ్రానైటు నేల. పైన కొంచెం మట్టి, కింద మొరం, ఆ కింద రాయి. నీరు నెమ్మదిగా ఇంకుతుంది, మొదటి వానకు నిండిన గుంత రెండో రోజు వానకు ఖాళీగా ఉండకపోవచ్చు. మట్టి దిగడానికి ముందొక చిన్న తొట్టి లేకపోతే గుంత ఒకటి రెండేళ్లలో పూడిపోతుంది. రోడ్డు నీటిని నేరుగా ఎండిన బోరుబావిలోకి వదలమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు, అది భూగర్భ జలంలోకి నూనె, మురుగు ఎక్కించడమే. డాబా నీరు అయితే సరే, అదీ వడపోసి.

వీటన్నిటికన్నా చవకైన ఉపాయం మీ లేఅవుటులోనే ఉంది, పార్కు. ఎకరం పార్కును చుట్టూ ఉన్న రోడ్డు కన్నా ఒక్క అడుగు పల్లంలో ఉంచితే పన్నెండు లక్షల లీటర్లు పడతాయి. ఐదు వందల ఇళ్లలో ఐదు వందల గుంతలు తవ్వించినంత పని అది, ఒక్క జేసీబీతో అయిపోతుంది. మన దగ్గర ఆచారం దీనికి పూర్తిగా తలకిందులు. పార్కు అనగానే లారీలతో ఎర్రమట్టి పోసి రోడ్డు కన్నా రెండు అడుగులు ఎత్తు చేసి చుట్టూ గోడ కడతారు. దాని మీద పడిన వాన కూడా మీ వీధిలోకే వస్తుంది. పల్లపు పార్కులో వానరోజున నీరు నిలిచి, కింద చిన్న పైపు ద్వారా కొన్ని గంటల్లో మెల్లగా ఖాళీ అవుతుంది. మరునాటికి పిల్లలు ఆడుకోవచ్చు. ఒక రోజుకు మించి నిలవనివ్వకపోతే దోమల బెడదా ఉండదు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ 2011 జూలై 2న కుంభవృష్టిలో మునిగాక, అక్కడ ఒక పాత పార్కునే 22,600 ఘనపు మీటర్ల నీరు పట్టేలా మార్చారు. అంత హంగామా మీకు అక్కర్లేదు, గోడలో నాలుగు కన్నాలు, ఒక అడుగు తవ్వకం చాలు. పార్కు చెరువు వైపు కాకుండా కాలనీ ఎగువన ఉంటే ఇంకా మేలు.

రోడ్ల దగ్గర రెండు విషయాలు. ప్రతి ఇంటి గేటు ముందూ బండి ఎక్కడానికి సిమెంటు ర్యాంపు ఉంటుంది. అది రోడ్డు అంచు కాలువ మీదికి దిగి దాన్ని పూర్తిగా మూసేస్తుంది. నీరు ఒక ర్యాంపును తప్పించుకుని రోడ్డు మధ్యకు వస్తుంది, మళ్లీ అంచుకు వెళ్లబోతే ఇంకో ర్యాంపు. అలా రోడ్డు నీరు పైపులోకి దిగే ఇనుప జాలీ దాకా చేరదు. జాలీ దగ్గరికి వెళ్లి చూస్తే, పైన పాల పాకెట్లు, గంగరావి ఆకులు, పూజ పూలు చాప పరిచినట్టు అతుక్కుని ఉంటాయి. కింద పైపు ఖాళీగా ఉంటుంది, పైన వీధి మునుగుతుంది. ర్యాంపుల కింద అర అడుగు పైపు పెట్టుకోవాలని సంఘం నియమం చేయండి. వాన హెచ్చరిక వచ్చిన రోజు జాలీల దగ్గర గరిటె పారతో ఒక మనిషిని పెట్టండి. చాలా వీధులకు ఇదే సరిపోతుంది.

రెండోది, రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ పాతదాన్ని గీకకుండా పైన వేయడం. రెండు మూడు అంగుళాల చొప్పున పెరిగి, ఒకప్పుడు రోడ్డు కన్నా మూడు మెట్లు ఎత్తున ఉన్న గడప ఇప్పుడు రోడ్డుకు సమానమవుతుంది. ఈసారి రోడ్డు మంజూరైతే ముందు గీకించాలని రాతపూర్వకంగా కోరండి. గుత్తేదారుకు అది నచ్చదు.

పూడికతీత విషయంలో తేదీ ముఖ్యం. మార్చి 31 లోపు పూడిక తీత పూర్తి చేయాలని పైన చెప్పిన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది. మన దగ్గర మే నెలలో టెండరు, జూన్‌లో పని. తీసిన బురదను నాలా ఒడ్డునే కుప్ప పోసి ‘ఆరాక ఎత్తుతాం’ అంటారు, ఆరేలోపు వాన వచ్చి తిరిగి నాలాలోకే దించుతుంది. బిల్లు మాత్రం అయిపోతుంది. ఎత్తిన లారీల లెక్క, పోసిన చోటు సమాచార హక్కు కింద అడగవచ్చు. అడుగుతారని తెలిస్తేనే లారీ వస్తుంది.

స్లాబు గురించి. వాసన రాదు, దోమలు రావు, పైన బండ్లు పెట్టుకోవచ్చు అని కోరుతున్నారు. మూసిన నాలాలో యంత్రం దిగదు, పూడిక కనిపించదు, లోపల విషవాయువులు పేరుకుంటాయి. రెండేళ్లకు స్లాబు మీద టీ కొట్టు, అయిదేళ్లకు షట్టర్ల దుకాణం. ఆ తరువాత దాన్ని తెరవాలంటే కోర్టు కేసు. మురుగు మళ్లిస్తే వాసన దానంతట అదే పోతుంది. అయితే తెరిచి ఉన్న నాలా వల్ల ప్రాణభయం నిజమే. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో పన్నెండేళ్ల బాలిక అలాగే కొట్టుకుపోయింది. దానికి మందు ఛాతీ ఎత్తు ఇనుప కంచె, దాటే చోట్ల వంతెన, పల్లపు మలుపుల్లో దీపం. వీటిని అర్జీలో గట్టిగా అడగండి, వెంటనే కావాలని అడగండి.

అలుగు గురించి కూడా చెప్పాలి. మీ చెరువు నిండాక నీరు పోయే దారి అది. దాని కింది వాగు ఎంత ఇరుకైందో నడిచి చూడండి. నీళ్లు నిలిచినప్పుడు కోపంతో అలుగును పగలగొట్టినవారిని చూశాను. ఆ నీరు కింది కాలనీ మీద పడుతుంది, కింది చెరువు కట్ట దాన్ని తట్టుకోలేకపోతే ఆ కింది చెరువు మీద పడుతుంది. 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత పరిశీలనకు వచ్చిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య, పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని నమోదు చేశారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పుట్టింది ఆ పరిశీలన నుంచే, వరదను ఎగువనే ఆపి దాచడం కోసం. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు, గగన్‌పహాడ్ అప్ప చెరువు తెగినప్పుడు కింద ఏం జరిగిందో మనందరం చూశాం. మీ నాలా వెడల్పు అయితే మీ నీరు ఇంకా వేగంగా చెరువులోకి వెళ్లి, ఇంకా వేగంగా అలుగు దూకుతుంది. కింది కాలనీవారు కూడా మీలాగే తీర్మానం చేసుకుని కూర్చున్నారేమో కనుక్కోండి. ఇద్దరూ ఒకే అర్జీ మీద సంతకం పెడితే అధికారులు తేలికగా తీసుకోలేరు.

అర్జీ ఎవరికి ఇవ్వాలన్నది చిక్కు ప్రశ్నే. నాలా మున్సిపల్ సంస్థది, మురుగు పైపు జలమండలిది, కట్ట, తూము, అలుగు నీటిపారుదల శాఖవి, శిఖం భూమి (చెరువు నీటి కింది భూమి) రెవెన్యూది, ఎఫ్‌టీఎల్ పటం హెచ్‌ఎండీఏ (మహానగర అభివృద్ధి సంస్థ) దగ్గర ఉంటుంది, ఆక్రమణలైతే 2024 నుంచి వాటిని తొలగించే సంస్థ హైడ్రా. ఒక్కొక్కరికి విడిగా ఇస్తే ప్రతి ఒక్కరూ ‘మాది కాదు’ అని రాసి పంపుతారు. ఒకే కాగితంలో అన్ని పనులూ రాసి, ఏ పని ఏ శాఖదో పక్కన పేర్కొని, కలెక్టరేటులో సోమవారం ప్రజావాణిలో ఇచ్చి, ప్రతులు అందరికీ పంపండి. ఉమ్మడి స్థల పరిశీలన తేదీ ఇవ్వమని చివర కోరండి. అందరు ఇంజనీర్లూ ఒకే రోజు మీ చెరువు గట్టు మీద నిలబడితే సగం పని అయినట్టే. ఆ రోజుకు మీ చేతిలో గ్రామ నక్షా, ఎఫ్‌టీఎల్ పటం, ఏప్రిల్ ఫొటోలు, అలుగుకూ వీధికీ మధ్య ఎత్తు తేడా ఉండాలి.

ఇప్పుడు వానలు తగ్గాయి కాబట్టి ఎత్తు కొలిచే పని ఈ నెలలోనే పెట్టుకోండి. ఆ అంకె, నాలా చెరువులో కలిసే చోటి ఫొటో, ఎఫ్‌టీఎల్ పటంలో మీ లేఅవుటు ఉన్న భాగం ఇక్కడ పెడితే, నాలా వెడల్పు నిజంగా అవసరమా, అవసరమైతే ఎంత అన్నది అప్పుడు లెక్క వేసి చెబుతాను. ఆ నాలుగు వీధుల్లో ఈలోగా ఎవరైనా కొత్తగా ఇల్లు మొదలుపెడుతుంటే, గడప ఎత్తును రోడ్డును చూసి కాకుండా అలుగు మట్టాన్ని చూసి పెట్టుకోమని చెప్పండి.